టీకా వేశాక గాయంలో మరో ఇంజెక్షన్ ఎందుకంటే

వీధికుక్క కరిచి కాస్త రక్తం వచ్చిందని, రేబిస్ టీకా వేశాక గాయం చుట్టూ మరో ఇంజెక్షన్ దేనికని, ఒంట్లో రోగనిరోధక శక్తి ఉంటుంది కదా అని మీరు అడిగారు. మా అబ్బాయి పిక్కను కుక్క పట్టినప్పుడు మా నాన్నగారూ డాక్టరును ఇలాగే నిలదీశారు.

రేబిస్‌తో చిక్కేమిటంటే, ఆ వైరస్ రక్తంలో తిరగదు. పంటి గాటుతో కండలోకి దిగి, అక్కడ కొంత పెరిగి, కండా నరమూ కలిసే చోట నరంలోకి దూరుతుంది. ఇక నరం లోపలే వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడుకు ప్రయాణం. దారిలో వాపు ఉండదు, జ్వరం ఉండదు. ఇంట్లో దొంగ పడ్డాడని ఒంటికి తెలిసేసరికి వైరస్ మెదడులో ఉంటుంది. నీళ్లంటే భయం మొదలయ్యాక బతికినవాళ్లు అత్యంత అరుదు.

టీకా వేసిన వెంటనే వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు పుట్టవు. వారం, పది రోజులు పడుతుంది. ఆ లోగా వైరస్ నరంలోకి చేరకూడదు కదా! అందుకే మనుషుల రక్తం నుంచో, గుర్రాల రక్తం నుంచో తీసిన తయారు యాంటీబాడీలను నేరుగా గాయంలోకే ఎక్కిస్తారు. మావాడి పిక్క మీద ఒక్కో గాటులోకీ, దాని చుట్టూ సూది దించి కొద్దికొద్దిగా మందు నింపారు. చర్మం ఉబ్బి తెల్లబడింది. వాడు మంచం ఇనుప కమ్మీ వదల్లేదు. భుజానికి టీకా వేస్తే మాత్రం కిక్కురుమనలేదు.

రక్తం వచ్చిందన్నారు కాబట్టి మీకు ఆ ఇంజెక్షన్ కూడా అవసరమే. మొదటి టీకా రోజే వేయాలి. కుదరకపోతే అప్పటి నుంచి 7 రోజుల లోపు. ఆ తరువాత సొంత యాంటీబాడీలు మొదలవుతాయి కనుక ఇవ్వరు. రేపటికి వాయిదా వేయకండి.

గాయాన్ని కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. వైరస్ పైన ఉండే కొవ్వు పొరను సబ్బు విడగొడుతుంది. కారం, సున్నం, ఆకుపసరు పెట్టనివ్వకండి. మా ఇంట్లో కారం డబ్బా పట్టుకొచ్చిన పెద్దమ్మను ఆపడం కుక్కను తరమడం కన్నా కష్టమైంది.

బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లని ఎవరైనా బెదిరిస్తే పట్టించుకోకండి. గొర్రె మెదడుతో చేసే ఆ పాత టీకా ఎప్పుడో పోయింది. ఇప్పుడు కండకు వేస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లో, చర్మంలోకి వేస్తే 0, 3, 7, 28 రోజుల్లో. మొదటి టీకా వేసిన రోజే సున్నా. టీకా తేదీలు రాసిచ్చే చీటీ భద్రంగా దాచుకోండి, ప్రతిసారీ అడుగుతారు.