యోహాను మొదటి పత్రిక 5:7పై మీ సందేహానికి సమాధానం

అయ్యా, 1611 నాటి ఆంగ్ల అనువాదమైన కింగ్ జేమ్స్ బైబిలులో ఉన్న "తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ" అనే సాక్షుల ప్రస్తావన మీ తెలుగు బైబిలులో లేదని, ఎవరో తీసివేశారని మీరు బాధపడ్డారు. ఎవరూ తీసివేయలేదు, అది తర్వాత చేరినది. నాలుగవ శతాబ్దపు సైనాయ్, వాటికన్ అనే గ్రీకు చేతిరాత ప్రతుల్లో ఆ మాటలు లేవు. అదే చోట ఉన్న ఆత్మ, నీళ్లు, రక్తం అనే సాక్ష్యాలకు త్రిత్వపరంగా (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మలను సూచించేవిగా) చెప్పుకున్న వ్యాఖ్యానం లాటిన్ ప్రతుల అంచున చేరి, క్రమంగా లేఖకుల చేతుల్లో మూలపాఠంలో కలిసిపోయిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఆ లేఖకులకు దురుద్దేశం అంటగట్టడం అన్యాయమని నా నమ్మకం. అంచున కనిపించినది మునుపటివారు వదిలేసిన వాక్యమేనని వారు భావించి ఉండవచ్చు. డచ్ పండితుడు ఎరాస్మస్ తన 1516, 1519 గ్రీకు ముద్రణల్లో దానిని చేర్చలేదు. విమర్శలు చెలరేగి, ఆ మాటలున్న గ్రీకు ప్రతి ఒకటి బయటపడ్డాక 1522లో చేర్చారు. ఆ ప్రతి కూడా పదహారవ శతాబ్దంలో రాసినదే.