ముందు వాళ్ల అగ్రిమెంట్లు చదివించండి, పరిచయాలు ఆ తర్వాత

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ప్రాంతీయ భాషలో సొంతంగా సినిమాలు తీసేవాళ్లు మీ చుట్టూ కొంతమంది ఉన్నారు, వాళ్లకు బిజినెస్ తెలియదు, పరిశ్రమలో ఎవరూ తెలియదు, ఒక రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టి పెద్దవాళ్లను పిలిస్తే సరిపోతుందా అని. నా అనుభవంలో సరిపోదు. అలాంటివాటికి నేను చాలాసార్లు వెళ్లాను. స్టేజి మీద ఉన్నవాళ్లు తాము ఎలా పైకొచ్చారో చెప్తారు, చివర్లో అందరం ఫోటోలు దిగి నంబర్లు తీసుకుంటాం, నెల తిరిగేసరికి ఆ నంబర్‌కి ఫోన్ చేయడానికి మన దగ్గర కారణమే ఉండదు.

నాకు బిజినెస్ నేర్పింది నా మొదటి సినిమా అగ్రిమెంటే. మినిమమ్ గ్యారంటీ, అంటే సినిమా ఎలా ఆడినా ముందే ఇచ్చే కనీస మొత్తం, ఇస్తామన్నారని సంతోషంలో సంతకం పెట్టేశాను. ప్రచార ఖర్చులకు పరిమితి రాయలేదు, హక్కులు ఎన్నేళ్లకు ఇస్తున్నానో సరిగా చూసుకోలేదు. సినిమాకి డబ్బులు వస్తూనే ఉన్నాయి, ఆ గ్యారంటీ తప్ప నా వరకు మాత్రం ఏమీ రాలేదు, లెక్క అడిగితే ఖర్చులింకా తేలలేదనేవాళ్లు. ఇంకోచోట అమ్ముదామంటే సంగీతం చేసిన స్నేహితుడితో కాగితమే లేదు, అంతా నోటిమాట. కొనేవాళ్లు ముందు అడిగేది ఆ కాగితాలే. కథ, సంగీతం, నటులు, ఫుటేజ్ ఇవన్నీ ఎవరి దగ్గర్నుంచి ఎలా మన చేతికి వచ్చాయో వరసగా చూపించాలి, దాన్నే చెయిన్ ఆఫ్ టైటిల్ అంటారు. మా స్నేహితుడు మంచివాడు కాబట్టి తర్వాత సంతకం పెట్టాడు, కానీ అప్పటికి ఆ కొనుగోలుదారు వెళ్లిపోయాడు.

అందుకే మొదటి సమావేశంలో థియరీ వద్దు. ఒక్కొక్కరినీ తమ సొంత సినిమా కాగితాలు తెచ్చుకోమనండి, ఒప్పందాలు తెలిసిన లాయర్‌ని ఒక్కరిని కూర్చోబెట్టండి. బోర్డు మీద ఒక లెక్క వేసి చూపించండి. సినిమా అమ్మితే 100 వచ్చిందనుకుందాం, మన తరఫున సినిమా అమ్మిపెట్టే సేల్స్ ఏజెంట్ కమిషన్ 25, ఏజెంట్ పెట్టిన ఖర్చులు 30 పోతే మిగిలేది 45, అది ముందు పెట్టుబడి పెట్టినవాళ్లకు వెళ్తుంది, వాళ్ల అసలు తీరాకే దర్శకుడి వాటా మొదలవుతుంది. ఈ వరస ఒక్కసారి కళ్లతో చూసినవాళ్లు ఖర్చులకు పరిమితి రాయించుకోకుండా సంతకం పెట్టరు. హక్కులు థియేటర్‌కి వేరు, టీవీకి వేరు, ఓటీటీకి వేరు, డబ్బింగ్, రీమేక్‌లకు వేరు అని, ఒక్కోదానికీ ఎన్నేళ్లు, ఏ దేశాలు అని రాయొచ్చని కూడా అప్పుడే చెప్పండి. చాలామందికి ఇవి విడదీయొచ్చన్న సంగతే తెలియదు, అప్పట్లో నాకూ తెలియదు.

ఇక పరిచయాల సంగతి. ఇంకా తీయాల్సిన సినిమాలకు డబ్బు పెట్టేవాళ్లను, భాగస్వాములను కలిపేందుకే పెట్టే మార్కెట్లు ఉన్నాయి. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో సినీమార్ట్ 1983లో మొదలైంది, దక్షిణ కొరియాలోని బుసాన్‌ది 1998లో, గోవాలో ఫిల్మ్ బజార్ 2007లో. అక్కడ అపాయింట్‌మెంట్ పెట్టుకుని ఒక్కొక్కరినీ కలుస్తారు, అరగంట కూడా దొరకదు. ఆ కాస్త టైంలో కథంతా చెప్పేస్తే పని అవ్వదు. సినిమా దేని గురించో రెండు వాక్యాలు, బడ్జెట్ ఎంత, ఇప్పటికి ఎంత సమకూరింది, వాళ్ల నుంచి కచ్చితంగా ఏం కావాలి, ఇంతే. ఏం కావాలన్న ఆ చివరిది చెప్పలేకనే మనవాళ్లు ఎక్కువగా తడబడతారు, దాన్ని మాత్రం పదిసార్లు ప్రాక్టీస్ చేయించండి, ఎదుట కూర్చున్నవాళ్లు కష్టమైన ప్రశ్నలు అడగాలి. వెళ్లొచ్చిన వారంలోపు మెయిల్ పెట్టాలి, ఆరు నెలల తర్వాత సినిమా ఎక్కడిదాకా వచ్చిందో మళ్లీ రాయాలి. నాకు పనికొచ్చిన పరిచయాలన్నీ రెండోసారి, మూడోసారి కలిసినవాళ్లవే.

యూరప్‌లో ఈఏవీఈ అని 1988 నుంచి ఉన్న సంస్థ నిర్మాతలకు నడిపే వర్క్‌షాప్ ఏడాదిలో మూడు విడతలుగా జరుగుతుంది, సొంత ప్రాజెక్టుల మీదే పని చేయిస్తారు. మీకు అంత డబ్బు అక్కర్లేదు, ఆ పద్ధతి తీసుకోండి చాలు. అదే మనుషులు, అదే ప్రాజెక్టులు, ఏడాదిలో మూడుసార్లు. మధ్యలో ఒకరి బడ్జెట్ ఇంకొకరు చూడటం, ఒకరికి తెలిసిన ఎడిటర్‌ని ఇంకొకరికి పరిచయం చేయడం వాటంతట అవే జరుగుతాయి. ఇవాళ పక్కన కూర్చున్న, షూటింగ్ ఖర్చులు, ఏర్పాట్లు చూసుకునే లైన్ ప్రొడ్యూసర్ ఐదేళ్లకి ఎక్కడుంటారో చెప్పలేం, స్టేజి మీది పెద్దమనిషి కంటే ఆ పరిచయం మీదే నాకు నమ్మకం ఎక్కువ.

మొదటి విడతకి కొత్తవాళ్లతో పాటు, సినిమా పూర్తిచేసి అమ్ముకోలేక హార్డ్ డిస్క్‌లో పెట్టుకున్నవాళ్లను ఇద్దరు ముగ్గురిని తప్పకుండా పిలవండి. ఏ కాగితం లేక ఆగిపోయిందో వాళ్లు చెప్తుంటే మిగతావాళ్లు రాసుకుంటారు, వాళ్ల సినిమా కూడా బయటికి తీసే దారి ఏదైనా దొరకొచ్చు. నాకు ఆ రోజుల్లో అలా పిలిచినవాళ్లు లేరు.