సున్నా రాకపోవడానికి కారణం మీ ముక్క కాదు, వైర్లు

వైబీసీఓ (బాగా చల్లబరిస్తే రెసిస్టెన్స్ సున్నా అయిపోయే సూపర్‌కండక్టర్) ముక్కను లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచినా మల్టీమీటర్ 1.8 ఓమ్‌ల దగ్గరే ఆగిపోతోందని, పైగా చల్లబరిచేటప్పుడు 84 కెల్విన్ దగ్గర, వేడెక్కేటప్పుడు 97 దగ్గర ఆ మార్పు కనిపిస్తోందని రాశారు కదా. టెన్షన్ పడకండి, శాంపిల్ బాగానే ఉన్నట్టుంది.

రెండే వైర్లతో కొలుస్తున్నారు కాబట్టి వైర్ల రెసిస్టెన్స్, అతుకుల రెసిస్టెన్స్ కలిసి ఆ 1.8 వస్తోంది. సిల్వర్ పెయింట్‌తో నాలుగు వైర్లు అతికించండి, బయటి రెండింట్లో 10 మిల్లీఆంప్‌ల కరెంటు పంపి లోపలి రెండింటి మధ్య వోల్టేజి చూడండి. అప్పుడు కూడా కొన్ని మైక్రోవోల్టులు మిగులుతాయి. వైరు ఒక కొస లిక్విడ్ నైట్రోజన్ ఉండే 77 కెల్విన్‌లో, ఇంకో కొస గది వేడిలో ఉండటం వల్ల పుట్టే వోల్టేజి అది. కరెంటు దిశ తిప్పి మళ్లీ కొలిచి, రెండు రీడింగుల తేడాలో సగం తీసుకుంటే పోతుంది.

ఇక 84, 97 సంగతి. మీ ఫొటోలో థర్మామీటర్ డబ్బా గోడకు అంటుకుని ఉంది, శాంపిల్ మాత్రం థర్మోకోల్ మీద ఉంది! గోడ ముందే చల్లబడుతుంది, ముందే వేడెక్కుతుంది, శాంపిల్ వెనకబడుతుంది. రెండింటినీ ఒకే రాగి దిమ్మ మీద పలచటి గ్రీజుతో అంటించి, వైర్లను కూడా దానికి నాలుగు చుట్లు చుట్టి, నిమిషానికి ఒక కెల్విన్ చొప్పున దించండి. రెండు మార్పులూ వైబీసీఓ నిజంగా మారే 92 కెల్విన్ దగ్గరికి వస్తాయి.

ఫ్లాస్క్ మూత మాత్రం బిగించొద్దు, ఒక లీటరు నైట్రోజన్ దాదాపు 700 లీటర్ల గ్యాస్ అవుతుంది. పని అయ్యాక ముక్కను ఆరబెట్టి సిలికా జెల్‌తో దాచండి, తేమ తగిలితే వైబీసీఓ పాడైపోతుంది.