ఫంక్షన్ హాళ్లలో మిగిలిన భోజనం పంచాలంటే లైసెన్సు కావాలా?

కావలిలో నలుగురు కలిసి పెళ్లిళ్లలో మిగిలింది తెచ్చి బస్టాండు దగ్గర పంచుదామనుకుంటున్నారు, అనుమతి కావాలా అని అడిగారు. కావాలండీ. లాభం లేకపోయినా 2006 ఆహార భద్రతా చట్టం ప్రకారం అదీ ఆహార వ్యాపారమే. మిగులు ఆహారం సేకరణ, పంపిణీకి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2019లో విడిగా నిబంధనలు తెచ్చింది. ఆ సంస్థ వాళ్ల ఫోస్కోస్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో నమోదు చేయించుకోండి. ఎక్కడ తెచ్చారు, ఎక్కడ పంచారు అన్నది రోజూ పుస్తకంలో రాయండి. విస్తట్లో వడ్డించింది మాత్రం ముట్టుకోవద్దు.

నా భయమంతా అన్నం గురించే. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా ఉండిపోతే అవి మొలిచి విషం చేస్తాయి, అది మళ్లీ కాచినా పోదు. వాసన బాగానే ఉందిలే అనుకోవద్దు, వాసనకు తెలియదది. మన నెల్లూరు ఎండల్లో డేగిశా వ్యాన్‌లో ఉంచి ఊరంతా తిరిగితే ఇదే జరుగుతుంది. వేడిది 60 డిగ్రీలపైన, చల్లనిది 5 డిగ్రీల లోపు ఉండాలి. ఒక థర్మామీటరు కొనండి. చేపల పులుసు, పెరుగన్నం మొదట్లో అసలు తీసుకోకండి. హాలువాళ్లను ముందుగా అడగాల్సింది ఎంత మిగిలిందని కాదు, అన్నం ఎన్నింటికి వార్చారని.