ఎడ్లబండి ఎవరి గుమ్మం ముందు ఆగింది?

చిరంజీవికి,

ఆఫ్రికాలో లివింగ్‌స్టన్ మిషనరీ పని మీద రాసిన నీ కథ అందింది. వాక్యం చదివిస్తుంది, అంతవరకు సంతోషం. బాప్తిస్మం ఘట్టం దగ్గర మాత్రం కాగితాలు పక్కన పడేశాను. "జనమంతా ఆనందబాష్పాలు రాల్చారు" అని రాశావు. ఎవరు చెప్పారయ్యా నీకు?

1848లో, ఇప్పటి బోట్స్వానాలోని కొలోబెంగ్‌లో, బక్వేనా తెగ రాజు సెచెలేకి లివింగ్‌స్టన్ బాప్తిస్మం ఇచ్చినరోజు ముసలివాళ్ళు ఏడ్చిన మాట నిజమే. ఎందుకని తర్వాత లివింగ్‌స్టనే అడిగాడు. మా రాజుకి ఇలాంటి గతి పట్టిందే అని ఏడ్చామన్నారు. చచ్చినవాళ్ళ మెదడు కలిపిన నీళ్ళు తాగిస్తారనుకుని చూడవచ్చిన కొందరు, ఒట్టి నీళ్ళేనా అని ఆశ్చర్యపోయారు. ఇదంతా లివింగ్‌స్టనే రాసిపెట్టాడు. ఆయన దాచనిది నువ్వెందుకు దాచావు?

మిషనరీల చరిత్ర రాసేవాడు ఎడ్లబండిలో వచ్చిన దొరని కాసేపు వదిలేసి, ఆ బండి ఎవరి గుమ్మం ముందు ఆగిందో వాళ్ళింట్లోకి నడవాలి. ఇది నేను చచ్చేదాకా చెబుతాను. సెచెలే ఎంత గట్టి పాత్ర! "మాటలతో వీళ్ళు నమ్ముతారా? ఊఁ అను, మా పెద్దల్ని పిలిచి ఖడ్గమృగం తోలు కొరడాలతో అందరిచేతా ఒకేసారి నమ్మించేస్తాం" అన్న ధోరణి మనిషి. బాప్తిస్మం కోసం ఒక్క భార్యనే ఉంచుకుని, మిగతావాళ్ళకి కొత్తబట్టలు పెట్టి, మీ తప్పేమీ లేదని చెప్పి పుట్టిళ్ళకి పంపాడు. మరుసటేడు వాళ్ళలో ఒకామె అతనివల్లే నెల తప్పిందని తెలిసి లివింగ్‌స్టన్ అతన్ని ప్రభువు బల్లకి, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారానికి, దూరం పెట్టాడు. ఆ తర్వాత దొర తన దారిన ఉత్తరానికి పోయాడు. సెచెలే మాత్రం 1892లో పోయేదాకా తన జనానికి తనే వాక్యం చెప్పుకున్నాడు. నీ కథలో అతనికి దక్కింది రెండు వాక్యాలు!

అటు ఇప్పటి లెసోతోలోని బసోతో జనానికి రాజైన మోషోషో పశువుల్ని పంపి మరీ మిషనరీని అడిగాడు. 1833లో వచ్చిన ఫ్రెంచివాడు కసాలీ చేత తెల్లదొరలతో రాయబారాలు నడిపించుకున్నాడు. ఎవరు ఎవర్ని వాడుకున్నారో ఆలోచించు.

ఇప్పటి ఫ్యాషన్ ఇంకొకటి. మిషనరీ అంటే చాలు, సామ్రాజ్యవాదుల ఏజెంటు. అదీ బద్ధకమే. 1903లో నెల్లూరు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్ళి, కియర్స్‌నీ తేయాకు తోటలో తెలుగు కూలీల మధ్య బాప్తిస్టు సంఘం పెట్టిన జాన్ రంగయ్యని ఏ గాటన కడతారు? ఆయన్ని పంపింది తెలుగు బాప్తిస్టులే. ఆయన మీద నేను కథ రాస్తే ఒక సంపాదకుడు "మతప్రచారం" అని తిప్పికొట్టాడు. ఇంకొకాయన "విమర్శ ఏదీ?" అన్నాడు. ఇద్దరూ మొదటి పేజీ దాటలేదని నా గట్టి నమ్మకం. చివరికి ఒక స్మారక సంచికలో, బట్టల కొట్టు ప్రకటన కింద, సగం కోసి వేశారు. ముగింపు పోయింది. చదివినవాళ్ళు ముగింపే బాగుందన్నారు.

నువ్వడిగిన కలంపేరు, పోటీల సంగతి తర్వాత. ముందు సెచెలే పంపేస్తే పుట్టింటికి చేరిన భార్యల్లో ఒకామె దగ్గరికి వెళ్ళు. కొత్తబట్టలు చూసి వదినలేమన్నారు? ఓలిగా వచ్చిన పశువుల మాట ఎవరెత్తారు? ఆ ఘట్టం రాసి పంపు. ఈసారి పేజీలకి అంకెలు వెయ్యి.