జపాన్ టేషోకు భోజనంలో అన్ని చిన్న గిన్నెలు వస్తాయి కదా, ఏది ముందు తినాలి?

ముందు వెనకలు లేవు, అన్నీ ఒకే ట్రేలో ఒకేసారి వస్తాయి కాబట్టి అన్నం, సూప్, కూరల మధ్య మార్చి మార్చి కొంచెం కొంచెంగా తినడమే అక్కడి పద్ధతి.

కారణం అన్నమే. అది ఉప్పు లేని చప్పిడి అన్నం, చుట్టూ ఉన్నవేమో ఉప్పగానో పుల్లగానో తియ్యగానో ఉంటాయి, అందుకే ఒక ముక్క కూర నోట్లో పెట్టుకుని వెంటనే ఒక ముద్ద అన్నం తింటారు, రెండూ నోట్లోనే కలవాలి తప్ప మనలా కంచంలో కలపరు. ఒకే గిన్నె ఖాళీ చేసేస్తే చివర్లో వట్టి అన్నం మిగులుతుంది!

ఉదాహరణకు సబా టేషోకు తీసుకోండి. ఎడమవైపు అన్నం, కుడివైపు మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్, వెనకాల ఉప్పు రాసి కాల్చిన సబా చేప, దాని పక్కన చిన్న కుప్పగా ముల్లంగి కోరు. ఆ కోరు మీద రెండు చుక్కలు సోయా సాస్ వేసి చేప ముక్కతో కలిపి తింటే నూనె జిడ్డు తెలియదు. సూప్ గిన్నె చేత్తో ఎత్తి తాగడమే మర్యాద, స్పూన్ కోసం వెతకక్కర్లేదు.

చాలామంది దీన్ని కైసెకి అనుకుని టెన్షన్ పడతారు. వంటకాలు ఒకదాని తర్వాత ఒకటి వడ్డించే ఖరీదైన విందు అది, టేషోకు మామూలు ఆఫీసు మధ్యాహ్న భోజనం.

శాకాహారులైతే మాత్రం మిసో సూప్ గురించి ముందే అడగండి, పైకి చేప ముక్క కనిపించకపోయినా దాని రసం సాధారణంగా ఎండు చేపతోనే కాస్తారు.