మెడలో గ్రంథి మందగిస్తే పొట్టెందుకు బిగుస్తుంది?

ప్రశ్న: డాక్టరుగారూ, నాకు 43 ఏళ్లు. మాది పర్లాకిమిడి. థైరాయిడ్ తక్కువని ఏడాదిగా 75 మైక్రోగ్రాముల మాత్ర వాడుతున్నాను. అయినా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తక్కువైతే పెరిగే హార్మోను) 11 వచ్చింది. మూడు రోజులకోసారి గానీ విరేచనం కాదు, నాలుగు ముద్దలకే పొట్ట నిండిపోతుంది. పొద్దున్నే మాత్ర, వెంటనే పాల టీ, ఇసబ్‌గోల్. టిఫిన్ కాగానే ఐరన్, కాల్షియం వేసుకుంటాను. మెడలో గ్రంథికీ పేగులకూ సంబంధమేమిటి?
– ఒక సోదరి

జవాబు: చాలా దగ్గరి సంబంధమమ్మా. థైరాయిడ్ విడిచే టీ4 హార్మోను (థైరాక్సిన్, మీ మాత్రలో ఉండేదీ ఇదే) ఒంట్లో టీ3గా మారి పనిచేస్తుంది. పేగు కండరాలు జోరుగా ముడుచుకోవాలంటే ఈ టీ3 చాలినంత ఉండాలి. తగ్గితే కదలిక మందగిస్తుంది. మలం పెద్దపేగులో నిలిచిపోయి, నీరంతా ఇంకి గట్టిపడుతుంది. జీర్ణాశయం కూడా ఆలస్యంగా ఖాళీ అవుతుంది, మీకు నాలుగు ముద్దలకే నిండినట్టుండేది అందుకే కావచ్చు. ఆమ్లం ఊరమని జీర్ణాశయానికి చెప్పే గ్యాస్ట్రిన్ హార్మోను సైతం కొందరిలో తగ్గుతుంది. ఆమ్లం చాలకపోతే మీరు మింగే మాత్రే సరిగా కరగదు.

మీ విషయంలో నా అనుమానం మోతాదు మీద కాదు, వేళ మీద. ఐరన్, కాల్షియం థైరాక్సిన్‌ను పేగులోనే పట్టేసి రక్తంలోకి పోనివ్వవు. మలబద్ధకానికని తాగే ఇసబ్‌గోల్ కూడా దాన్ని అడ్డుకోగలదు. అంటే మలబద్ధకానికి వాడేదే, దాని అసలు మందును ఆపుతోంది!

నిద్ర లేవగానే మాత్రను మంచినీళ్లతోనే వేసుకోండి. గంటసేపు టీ, చోడి అంబలి ఏదీ వద్దు. ఐరన్, కాల్షియం కనీసం 4 గంటలాగాకే. ఇసబ్‌గోల్ సాయంత్రానికి మార్చి, పెద్ద గ్లాసుడు నీళ్లలో కలిపి తాగండి. నీళ్లు తక్కువైతే అదే గొంతులోనో పేగులోనో అడ్డుపడుతుంది. గ్యాస్ మాత్రలు రోజూ వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, అవీ ఆమ్లాన్ని తగ్గిస్తాయి.

ఈ మార్పు సంగతి మీ డాక్టరుకు తెలియాలి. వేళ సరిచేస్తూనే మోతాదూ పెంచితే గుండెదడ, నీళ్ల విరేచనాలు రావచ్చు. రక్తంలో థైరాక్సిన్ సగానికి తగ్గడానికే వారం పడుతుంది కాబట్టి, టీఎస్‌హెచ్ 6 నుంచి 8 వారాల తర్వాత చూపించుకోండి, ముందు చేయిస్తే డబ్బు దండగ. అప్పటికీ దిగకపోతే, మాత్ర ఒంటికి పట్టకపోవడానికి వేరే కారణముందేమో తెలియడానికి బీ12, సీలియాక్ వ్యాధికి (గోధుమల్లోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) టీటీజీ రక్తపరీక్షల గురించి అడగండి.

మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, పొట్ట ఉబ్బి వాంతులై గాలి కూడా పోకపోయినా థైరాయిడే అనుకుని ఊరుకోకండి. ఈ చివరిది జరిగితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.